తెంచుకుంటేనే పెరిగే కవచం

బ్యాక్టీరియా గురించి పాఠ్యపుస్తకాలు చెప్పే తొలి సంగతుల్లో ఒకటి, దానికి గట్టి కణకవచం ఉంటుందని. జంతుకణానికి ఆ కవచం లేదు. అందుకే పెన్సిలిన్ మొదలుకొని ఇవాళ్టి సెఫలోస్పోరిన్‌ల దాకా ఎన్నో మందులు ఆ కవచం తయారీనే దెబ్బతీస్తాయని, మన కణాల జోలికి రాకుండా సూక్ష్మజీవిని మాత్రం చంపగలుగుతాయని చదువుకున్నాం. ఇందులో తప్పేమీ లేదు, కానీ సగం కథ మిగిలిపోయింది. బతకడానికి కవచం కట్టుకోవడం ఎంత అవసరమో, కట్టుకున్న కవచాన్ని ఎప్పటికప్పుడు తెంచుకోవడమూ బ్యాక్టీరియాకు అంతే అవసరం. ఆ తెంపు ఆగితే చస్తుంది, మితిమీరినా చస్తుంది. కాబట్టి దాని ప్రాణం కవచం గట్టితనంలో కన్నా, కవచం తెంపును అదుపులో పెట్టే కొద్దిపాటి ప్రోటీన్లలో ఉందని నేనంటాను. ఈ మాటకు నిలబడే రుజువుల్లో ముఖ్యమైనవి హైదరాబాద్‌లోని సీసీఎంబీలో, అంటే సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ పరిశోధనా కేంద్రంలో దొరికాయి. తెలుగునాట జరిగిన ఈ పని గురించి తెలుగులో చదువుకోవడానికి దొరికేది బహు తక్కువ. అందుకే కొంచెం ఓపికగా, మొదటి నుంచి చెబుతాను.

ముందు ఆ కవచం ఎలా ఉంటుందో చూద్దాం. దాని పేరు పెప్టిడోగ్లైకాన్. రెండు రకాల చక్కెర అణువులు ఒకదాని పక్కన ఒకటి చేరుతూ పొడవాటి గొలుసులవుతాయి. వాటిలో ఒక రకం చక్కెరకు నాలుగైదు అమైనో ఆమ్లాల చిన్న తోక వేలాడుతుంటుంది. పక్కపక్క గొలుసుల తోకలు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. మన ప్రోటీన్లు కట్టుకునేది ఎల్-రకం అమైనో ఆమ్లాలతో. ఈ తోకల్లో వాటికి అద్దంలో ప్రతిబింబాల్లాంటి డి-రకం కూడా ఉంటాయి. మన శరీరం తయారుచేసుకోని డయామినోపిమెలిక్ ఆమ్లం అనే పదార్థమూ ఉంటుంది. గొలుసులు, ముడులు అన్నీ కలిసి కణం చుట్టూ చేపల వల లాంటిది ఒకటి ఏర్పడుతుంది, కాకపోతే ఈ వలకు అంచులు లేవు, నోరు లేదు. అన్ని వైపులా మూసుకున్న సంచి అది. 1964లో జర్మన్ శాస్త్రవేత్తలు వైడెల్, పెల్జర్ ఈ వల మొత్తం ఒకే ఒక్క అణువని, సంచి ఆకారంలో ఉన్న మహా అణువని రాశారు. మన పేగుల్లో కాపురముండే ఈ.కోలిలో ఆ వల చాలా పలచన, చాలా మేరకు ఒకే వరస. లోపల ఒక కొవ్వు పొర, బయట మరో పొర, వాటి నడుమ ఉన్న సన్నటి చోటులో ఈ వల. కణం లోపలి ద్రవం చిక్కన కాబట్టి బయటి నీరు లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి కణం పగలకుండా కాచేది ఈ పలచని వలే.

మరి అంచులు లేని, ఎక్కడా తెరుచుకోని ఈ వల పెరిగేదెలా? మంచి ఆహారం దొరికితే ఈ.కోలి ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. చీలేలోపు దాని పొడవు రెట్టింపు కావాలి, అంటే వలా రెట్టింపు కావాలి. అంచు ఉన్న వలకైతే అంచున కొత్త వరస అల్లవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. ఉన్న ముడుల్లో కొన్నిటిని విప్పి, ఆ సందులో కొత్త గొలుసును చొప్పించి, మళ్లీ ముడి వేయాలి. వేరే దారి లేదు. వైడెల్, పెల్జర్ 1964లోనే ఈ సంగతి ఊహించారు. కవచాన్ని కోసే ఎంజైములు లేకుండా కవచం పెరగడం అసాధ్యమన్నారు. ఈ తెంపు అప్పుడప్పుడు జరిగే చిన్న మరమ్మతు పనీ కాదు. ఒక్క తరం గడిచేలోపు ఈ.కోలి తన వలలో సుమారు సగం దాకా విడగొట్టి, ఆ ముక్కలను లోపలికి తీసుకుని మళ్లీ వాడుకుంటుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పైకి నిశ్చలంగా, రక్షణ గోడలా కనిపించే కవచం నిజానికి నిత్యం కూలుతూ, లేస్తూ ఉండే కట్టడం.

ఆ కూల్చే పనిలో ఉన్న ప్రమాదం చిన్నది కాదు. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లైసోజైమ్‌ను వెల్లడించాడు. మన కన్నీళ్లలో, కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ఈ ఎంజైము చక్కెర గొలుసులను కోసేస్తుంది. దాని దెబ్బకు కొన్ని బ్యాక్టీరియా చూస్తుండగానే కరిగిపోతాయి. బయటి నుంచి వచ్చిన కోత ఎంజైము ఇంత పని చేస్తే, అలాంటివి బ్యాక్టీరియాలోనే పుడుతున్నాయంటే అవి దానికి ప్రాణాంతకం కావా? అవుతాయి. న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ టోమాజ్ బృందం 1970లో ప్రచురించిన ప్రయోగం దీనికి సాక్ష్యం. న్యుమోనియా తెచ్చే న్యూమోకోకస్‌ను పెన్సిలిన్‌లో ఉంచితే అది పగిలి చస్తుంది. తనను తాను కరిగించుకునే ఎంజైము సరిగా పనిచేయని రకాన్ని అదే పెన్సిలిన్‌లో ఉంచితే పెరుగుదల ఆగిపోయింది గానీ కణాలు పగల్లేదు. అంటే పెన్సిలిన్ చేసింది కట్టే పనిని ఆపడం వరకే. కణాన్ని పగలగొట్టింది దాని సొంత ఎంజైమే. కట్టేవి, కోసేవి సరితూగినంత కాలం బ్యాక్టీరియాకు ఢోకా లేదు, తూకం తప్పిన క్షణాన తన ఎంజైములే తనకు మృత్యువు. ఈ తూకాన్ని కాస్తున్నది ఎవరన్నదే ఇక అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు ముడులు విప్పే ఎంజైము ఏదో తెలియాలి. విచిత్రంగా 1964 తర్వాత దాదాపు ఐదు దశాబ్దాలు అది తేలలేదు. కారణం అశ్రద్ధ కాదు, ఈ.కోలి స్వభావమే. కవచాన్ని కోసే ఎంజైములు దానికి ఇరవైకి పైగా ఉన్నాయి. ఒకదాని జన్యువు తీసేస్తే మరొకటి ఆ పని అందుకుంటుంది. ఏ ఒక్కటి లేకపోయినా కణం బతికేస్తుంటే, ఈ ఎంజైములు పెరుగుదలకు తప్పనిసరి కావేమో, చీలికప్పుడు సర్దుబాటుకో పాత సరుకు వాడుకోవడానికో పనికొస్తాయేమో అన్న వాదన బలపడింది. ఆ వాదన కొట్టిపారేయదగింది కాదు. ప్రయోగం చూపనిదాన్ని కేవలం తర్కంతో ఒప్పుకోవడం సైన్సులో చెల్లదు. సీసీఎంబీలో మంజులా రెడ్డి బృందం 2012లో ఈ చిక్కు విప్పింది. అప్పటిదాకా పని తెలియని మూడు ప్రోటీన్లు తోకల మధ్య ముడులను కోసే ఎంజైములని వాళ్లు చూపించారు. వాటికి మెప్‌ఎస్, మెప్‌ఎం, మెప్‌హెచ్ అన్న పేర్లు స్థిరపడ్డాయి. మూడింటిలో ఏ ఒకటి తీసేసినా కణం బతుకుతుంది. మూడూ లేని కణాన్ని మాత్రం పెంచడం కుదరదు. అందుకని పరిస్థితి మార్చినప్పుడే మూడూ లేకుండా పోయే రకాన్ని తయారుచేసి చూశారు. పరిస్థితి మార్చగానే కొత్త సరుకు వలలోకి చేరడం ఆగిపోయింది, త్వరలోనే కణాలు పగిలిపోయాయి. వైడెల్, పెల్జర్ ఊహకు ప్రయోగం నుంచి దన్ను దొరికింది. దాదాపు అదే కాలంలో బాసిల్లస్ సబ్టిలిస్ అనే వేరే కుటుంబపు బ్యాక్టీరియాలోనూ రెండు కోత ఎంజైములను కలిపి తీసేస్తే బతకదని తేలింది.

ఇక్కడ ఆలోచించే పాఠకుడికి ఒక సందేహం రావాలి. కోసే ఎంజైములు లేకపోతే వల ఇంకా గట్టిగా ఉండాలి కదా, పగిలిపోవడమేమిటి? ఈ సందేహం న్యాయమైనది, జవాబు కూడా ఇప్పటిదాకా చెప్పుకున్న దాంట్లోనే ఉంది. తీసేసినవి కొత్త గొలుసుకు చోటు చేసే మూడింటినే. మిగతా కోత ఎంజైములు కణంలో అలాగే ఉన్నాయి, వాటి పని అవి చేసుకుపోతున్నాయి. పాతది తెగుతూ, కొత్తది చేరకుండా ఉంటే వల రోజురోజుకూ కాదు, నిమిషనిమిషానికీ బలహీనపడుతుంది. లోపల కణద్రవం పెరుగుదల ఆగదు, నీటి ఒత్తిడీ తగ్గదు. కాబట్టి పగిలిపోవడం ఈ సిద్ధాంతానికి అడ్డు రాదు. పైగా కోత ఎంజైములన్నీ ఒక్క గాటన కట్టదగ్గవి కావని, కట్టడంలో భాగంగా కోసేవి వేరు, ఊరికే కోసేవి వేరు అని అది నేర్పుతుంది. శత్రువని పేరుపడ్డ ఎంజైముల్లో కొన్ని అసలు మేస్త్రీలేనన్నమాట.

ఇప్పుడు అదుపు సంగతి. దీని వెనక ఒక పాత కథ ఉంది. ఈ.కోలిలో పీఆర్‌సీ అనే ప్రోటియేజ్, అంటే ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైము ఉంది. రెండు పొరల నడుమ చోటులో అది తిరుగుతుంటుంది. 1990ల తొలినాళ్లలో జపాన్ శాస్త్రవేత్తలు పీఆర్‌సీ లేని ఈ.కోలిని పరీక్షించారు. మామూలు పరిస్థితుల్లో అది బాగానే పెరిగింది. ఉప్పు తక్కువ వేసిన మాధ్యమంలో, వేడి 42 డిగ్రీలకు పెంచితే మాత్రం పెరగలేకపోయింది. ఉప్పు తక్కువైతే బయటి నీరు లోపలికి తోసుకొచ్చే జోరు ఎక్కువ, వేడి పెరిగితే కణంలో పనుల వేగమూ ఎక్కువ. కాబట్టి లోపం కవచంలోనే ఉండి ఉండాలి. తర్వాత కొన్నేళ్లకు, ఆ రోగిష్టి రకానికి మరో జన్యువు కూడా చెడిపోతే అది తిరిగి కోలుకుని పెరుగుతుందని గమనించారు. ఒక లోపాన్ని మరో లోపం సరిచేయడం జన్యుశాస్త్రంలో గొప్ప ఆధారం, ఆ రెండింటికీ ఏదో లంకె ఉందని చెప్పే సాక్ష్యం. చెడిపోయి మేలు చేసిన ఆ రెండో జన్యువుదే మెప్‌ఎస్ ప్రోటీన్. దాని పనేమిటో ఆనాటికి ఎవరికీ తెలియదు కనుక లంకె లంకెగానే మిగిలిపోయింది. మెప్‌ఎస్ ముడులు కోస్తుందని 2012లో తేలాక ఆ పాత పరిశీలనకు ఒక్కసారిగా అర్థం వచ్చింది. పీఆర్‌సీ లేనప్పుడు కణాన్ని చంపుతున్నది మితిమీరిన మెప్‌ఎస్ అయి ఉండవచ్చు.

2015లో మంజులా రెడ్డి బృందం అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఆ ఊహను నిజం చేసింది. ఈ.కోలి మెప్‌ఎస్‌ను తయారుచేస్తూనే దాన్ని కొద్ది నిమిషాల్లో నాశనం చేస్తుంటుంది. నాశనం చేసేది పీఆర్‌సీ. అయితే ఒంటరిగా కాదు, ఎన్‌ఎల్‌పీ-ఐ అనే ఇంకో ప్రోటీన్ తోడు కావాలి. కణం బయటి పొరకు లోపలి వైపున అతుక్కుని ఉండే ఈ ఎన్‌ఎల్‌పీ-ఐ తాను ఏదీ కోయదు. దాని పనేమిటో అప్పటిదాకా తెలియదు. ఒక పక్క మెప్‌ఎస్‌ను, మరో పక్క పీఆర్‌సీని పట్టుకుని రెండింటినీ దగ్గరికి చేర్చడమే దాని పని. ఇది లేకపోయినా, పీఆర్‌సీ లేకపోయినా మెప్‌ఎస్ పేరుకుపోతుంది. 2017లో తైవాన్ శాస్త్రవేత్తలు ఈ జంట నిర్మాణాన్ని స్ఫటిక రూపంలో చూపించారు. గిన్నెలా లోతుగా ఉన్న పీఆర్‌సీ, రెండేసిగా జతకట్టిన ఎన్‌ఎల్‌పీ-ఐకి అటొకటి ఇటొకటి చొప్పున అమరి ఉంది. ఈ వ్యాసానికి నాయకుడెవరంటే నేను ఎన్‌ఎల్‌పీ-ఐ పేరే చెబుతాను. కోత దానిది కాదు, నాశనం దానిది కాదు, కానీ ఏది ఎప్పుడు ఎంత మిగలాలో నిర్ణయమయ్యేది అది కలిపే ఆ చోటే.

ఇది కేవలం చెత్త ఊడ్చే ఏర్పాటు కావచ్చు కదా, పాడైపోయిన ప్రోటీన్లను తొలగించే మామూలు పనికి అదుపు అని పెద్ద పేరు ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. చెత్త ఊడ్చే పనే అయితే మెప్‌ఎస్ ఉన్నా లేకున్నా పీఆర్‌సీ లేని కణం ఒకేలా బాధపడాలి. అలా జరగలేదు. మెప్‌ఎస్‌ను తీసేస్తే రోగం కుదిరింది. అంటే పీఆర్‌సీ చేసే అనేక పనుల్లో కణం బతుక్కి కీలకమైనది ఈ ఒక్క ఎంజైము మోతాదును పట్టి ఉంచడం. ఇంకో సంగతీ ఉంది. కష్టపడి తయారుచేసుకున్న ప్రోటీన్‌ను నిమిషాల్లో నాశనం చేసుకోవడం ఏ జీవికైనా నష్టమే. ఆ నష్టం ఎందుకు భరిస్తోంది? జన్యువును ఆపి తయారీ తగ్గించుకోవచ్చు కదా? తగ్గించుకోవచ్చు, కానీ అప్పటికే బయటికి వెళ్లి వలను పట్టుకున్న ఎంజైముల మాటేమిటి? అవి కోస్తూనే ఉంటాయి. కవచం ఉన్న చోటు జన్యువులకు దూరం. శక్తికి మూలమైన ఏటీపీ అక్కడ దొరకదు. అలాంటి చోట తెంపును తక్షణం ఆపాలంటే తెంచేదాన్ని అక్కడికక్కడే లేకుండా చేయడమే నమ్మకమైన దారి. ఎడతెగకుండా తయారుచేస్తూ, ఎడతెగకుండా నాశనం చేస్తూ ఉంటే, ఆ రెండింటిలో దేన్ని ఇసుమంత మార్చినా మోతాదు వెంటనే మారుతుంది. 2023లో అదే ప్రయోగశాల కణపు కొవ్వు పొర తయారీకీ కవచం విస్తరణకూ నడుమ లంకె ఒక కోత ఎంజైము ద్వారానే నడుస్తోందని ప్రచురించింది. కణం ఒంటి మీద పొర పెరిగేకొద్దీ వలా దానికి తగ్గట్టు పెరగాలి కదా. ఆ సమన్వయం కోత దగ్గరే కుదురుతోంది.

ఇదంతా ఈ.కోలి సొంత వ్యవహారం, మిగతా బ్యాక్టీరియాకు వర్తించదని కూడా అనవచ్చు. ప్రోటీన్ల పేర్లు వర్తించవు, నిజమే. సూత్రం మాత్రం వర్తిస్తుంది. బాసిల్లస్‌లో, చీము గడ్డలకు కారణమయ్యే స్టెఫైలోకోకస్ ఆరియస్‌లో ఈ పనికి వాల్‌కే, వాల్‌ఆర్ అనే జంట ఉంది. వాల్‌కే కణపొర మీద ఉండి బయటి స్థితిని పసిగడుతుంది, వాల్‌ఆర్ దాని మాట విని కోత ఎంజైముల జన్యువులను నడుపుతుంది. 2019లో అమెరికా శాస్త్రవేత్తలు బాసిల్లస్‌లో చూపించిందేమిటంటే, కవచం తెగినప్పుడు రాలే ముక్కలనే ఈ జంట లెక్కలోకి తీసుకుంటుంది. ముక్కలు ఎక్కువైతే కోత తగ్గిస్తుంది, తక్కువైతే పెంచుతుంది. ఈ జంట లేకుండా ఆ బ్యాక్టీరియా బతకవు. ఇది ప్రయోగశాలకు పరిమితమైన ముచ్చట కూడా కాదు. స్టెఫైలోకోకస్ మీద చివరి అస్త్రంగా వాడే వాంకోమైసిన్ సరిగా పనిచేయని రకాలను ఆసుపత్రుల్లో రోగుల నుంచి సేకరించి చూస్తే, వాటిలో చాలా వాటికి కవచం మందమై ఉంది, వాల్‌కే, వాల్‌ఆర్ జన్యువుల్లో మార్పులు పదేపదే కనిపించాయి. మందు దాడి తట్టుకోవడానికి ఆ సూక్ష్మజీవి మార్చుకున్నది తెంపును అదుపు చేసే చోటునే. ఆ చోటు ఎంత విలువైనదో దానికి మనకన్నా ముందే తెలిసినట్టుంది.

మరి మనకు దీనివల్ల ఒరిగేదేమిటి? మందుల వైపు చూద్దాం. పెన్సిలిన్ ఎలా చంపుతుందన్న పాత వివరణ మారుతోంది. 2014లో హార్వర్డ్‌లో థామస్ బెర్న్‌హార్డ్ బృందం చూపిన ప్రకారం, ఈ మందు పడ్డ ఈ.కోలిలో కట్టే యంత్రాంగం ఆగిపోకుండా ముడిపడని గొలుసులను ఉత్పత్తి చేస్తూనే ఉంటుంది. వాటిని ఒక కోత ఎంజైము వెంటవెంటనే నరికేస్తుంటుంది. కట్టడం, నరకడం అనే ఆ వృథా చక్రంలో కణం తన సరుకంతా పోగొట్టుకుంటుంది. అంటే మనం ఎనభై ఏళ్లుగా వాడుతున్న మందుల బలంలో కొంత భాగం బ్యాక్టీరియా కోత ఎంజైములదే. ఇక కోతనే నేరుగా గురిపెట్టే మందు రాదా? ముడులు కోసే ఈ మెట్టు కొత్త మందులకు గురి కాగలదని 2012 నాటి పరిశోధనా పత్రంలోనే సీసీఎంబీ శాస్త్రవేత్తలు రాశారు. ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. మూడు ఎంజైములు ఒకదానికొకటి ప్రత్యామ్నాయమైతే ఒకదాన్ని ఆపే మందు వృథా, మూడింటినీ ఒకేసారి ఆపడం కష్టం. ఈ అభ్యంతరం సరైనదే. కానీ అదుపు ప్రోటీన్లకు గురిపెడితే లెక్క తిరగబడుతుంది. కోతను ఆపనక్కర్లేదు, దాని కళ్లెం తీసేస్తే చాలు. పీఆర్‌సీ లేని ఈ.కోలి వేడిలో, తక్కువ ఉప్పులో బతకలేదని చూశాం. వ్యాధికారక ఈ.కోలిలో పీఆర్‌సీ తీసేస్తే, మన రక్తంలోని రక్షక ప్రోటీన్ల దాడిని అది సరిగా తట్టుకోలేదని కూడా తేలింది. ఒంటరిగా ఇలాంటి మందు చంపకపోవచ్చు. ఉన్న మందులకు, మన ఒంటి రోగనిరోధక శక్తికి తోడుగా నిలవగలదు. ఇది ఇంకా ఆశే, చేతికందిన మందు కాదు. ఆ తేడా పాఠకుడికి స్పష్టంగా ఉండాలి.

ఆ ఆశ ఎవరికి ఎక్కువ అవసరమో చెప్పాలంటే పెద్ద నగరాల ఆసుపత్రుల నుంచి దూరంగా చూడాలి. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి జగర్‌గుండ వెళ్లే దారిలో చింతలనార్ ఉంది. ఏళ్ల తరబడి హింస మధ్య నలిగిన ప్రాంతమది. దక్షిణ బస్తర్‌లో జబ్బు ముదిరినవాళ్లు సరిహద్దు దాటి భద్రాచలం రావడం మనకు కొత్త కాదు. అలాంటి చోట పసిబిడ్డకు న్యుమోనియా వస్తే ప్రాణం నిలిపేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరికే అమాక్సిసిలిన్ లాంటి చవక మందు, అంటే కవచం మీద పనిచేసే మందు. ఆ మందు పనిచేయకపోతే నగరవాసికి కార్బపెనెమ్‌ల లాంటి పై మెట్టు మందులున్నాయి, ఐసీయూ ఉంది. అడవిలోని బిడ్డకు అంతకు మించి మెట్టు లేదు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక 2022లో అంచనా ప్రచురించింది. ఈ మొండితనం పెరగడంలో మన ప్రాంతం వంతూ ఉంది. హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయోటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. సిప్రోఫ్లాక్ససిన్ కవచం మందు కాకపోవచ్చు. కానీ మొండి జన్యువులు ఒక్కో మందుకు ఒక్కటిగా కాకుండా తరచూ గుంపుగా ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి పాకుతాయి కాబట్టి, ఒక మందుతో చేసిన పాపం వేరే మందుకు తగులుతుంది.

చివరిగా ఒక అభ్యంతరం, సామాన్యుడి నోట తరచూ వినిపించేది. మందు రాని పరిశోధనకు ప్రజాధనం ఎందుకు? ఈ.కోలి వలలో ముడి ఎవరు విప్పుతున్నారన్న ప్రశ్నతో 2012లో ఏ రోగికీ మేలు జరగలేదు, ఒప్పుకోవాలి. కానీ ఈ పని నడిచిన తీరు చూడండి. జపాన్‌లో ఎవరో పనికిరానిదిగా కనిపించిన ఒక లోపాన్ని నమోదు చేశారు. ఇరవై ఏళ్లకు హైదరాబాద్‌లో దానికి అర్థం దొరికింది. తైవాన్‌లో దాని రూపం తెలిసింది. ఏ ఒక్కరూ మందు కోసం బయల్దేరలేదు. బయల్దేరి ఉంటే ఎన్‌ఎల్‌పీ-ఐ లాంటి పని తెలియని ప్రోటీన్ వైపు కన్నెత్తి చూసేవారే కాదు. కవచం నిర్మాణం మీద కృషికి మంజులా రెడ్డికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. ఆ గుర్తింపు ఆనందించదగింది, కానీ ఒక బహుమతితో ఒక శాస్త్రశాఖ బతకదు. ఈ రంగానికి కావలసింది ఖరీదైన యంత్రాల కన్నా ఓపికగా పదేళ్లు ఒకే ప్రశ్నను పట్టుకుని కూర్చునే యువ పరిశోధకులు, వాళ్లకు నెలనెలా ఆగకుండా అందే ఫెలోషిప్, మధ్యలో తెగిపోని ప్రాజెక్టు నిధులు. మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో సూక్ష్మజీవశాస్త్ర విభాగాలు ఏళ్ల తరబడి ఖాళీ పోస్టులతో నడుస్తున్నాయి. వాటిని నింపమని అడిగే హక్కు పన్ను కట్టే ప్రతి ఒక్కరికీ ఉంది. అడగండి.